ఒక ఊపిరంత ఆలస్యం

మార్చి 6

పాప పడుకున్న గాజు పెట్టె పక్కన నిలబెట్టింది మా యంత్రమే. మా కంపెనీ తయారుచేసిందే. ఆపరేషన్ తర్వాత మొదటిసారి నన్ను చక్రాల కుర్చీలో పసిపిల్లల ఐసీయూలోకి తీసుకెళ్తే, ముందు నా కంటపడింది పాప కాదు, ఆ లేత బూడిదరంగు వెంటిలేటర్. దాని పక్కనుండే మీట కొంచెం వంకర. ఆ వంకర గురించి మా ఆయన డిజైన్ వాళ్ళతో పోట్లాడి పోట్లాడి ఓడిపోయాడు. దాన్ని చూడగానే కొత్త ఊళ్ళో తెలిసినవాళ్ళు ఎదురైనట్టు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత పాపని చూశాను. చూశాననే రాస్తున్నాను.

నిదానం అంటే మా ఆయన. ఆఫీసులో పెట్టిన పేరు అది. ఏదైనా మూడుసార్లు చూస్తే గానీ ముట్టుకోడు. పెళ్ళికి ముందు నేనూ అలాగే పిలిచేదాన్ని. తర్వాత మార్చాల్సిన అవసరం రాలేదు. ఇవాళ తను తలుపు దగ్గరే ఆగిపోయాడు. "నువ్వు చూసిరా. నేను తర్వాత చూస్తాను," అన్నాడు. తర్వాతంటే ఎప్పుడో నేను అడగలేదు.

మార్చి 7

పాలు పడలేదు. పంపు మోగుతూనే ఉంది, సీసా అడుగున తడి మాత్రం కనిపించింది. సిస్టర్ ఆ తడినే దూదితో అద్ది తీసుకెళ్ళి పాప పెదాలకి రాసింది.

మార్చి 8

ఐసీయూలో పగలు పగల్లా ఉండదు. కిటికీలకి నీలం తెరలు, నేల మీద రబ్బరు పరుపు, ఎవరు నడిచినా చప్పుడు ఉండదు. చెరువు అడుగున కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంటుంది. పైన ఎక్కడో మనుషులు మాట్లాడుకుంటారు. ఆ మాటలు నా దాకా దిగేలోపు మెత్తబడిపోతాయి.

పెద్ద సిస్టర్ అడిగింది. "చెయ్యి లోపల పెట్టమ్మా. అరచేతిలో వేలు పెడితే పట్టుకుంటుంది."

"నా చేతులు చల్లగా ఉన్నాయి సిస్టర్."

"వేణ్ణీళ్ళున్నాయి కదమ్మా అక్కడ."

"రేపు పెడతాను."

ఆమె పాప నెత్తి మీది ఉన్ని టోపీ సర్ది వెళ్ళిపోయింది. నేను యంత్రం తెర చూస్తూ కూర్చున్నాను. పచ్చగీత కొండలా లేస్తుంది, దిగుతుంది. లేస్తే ఊపిరి లోపలికి, దిగితే బయటికి. ఆ గీత వేళ తప్పకుండా నడవడానికే కదా నేనూ నిదానమూ ఇన్నేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నది. చూస్తూ చూస్తూ కన్ను మూతపడినట్టుంది.

అప్పుడు గీత ఆగింది. కొండ ఎక్కుతూ సగంలో ఆగింది. రెప్పపాటే. మళ్ళీ ఎక్కడో ముందుకి దూకి, ఏమీ ఎరగనట్టు నడిచింది.

కల అయి ఉంటుంది.

మార్చి 9

ఇవాళ యంత్రం వైపు చూడలేదు. ఎక్కువ చూడలేదు.

అమ్మ వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ గాజు పెట్టెతో ఒకటే కబుర్లు. "ఏమే ఎలుకపిల్లా, అంత తొందరేమొచ్చిందే నీకు? లోపల అద్దె ఎక్కువైందా?" పక్క పెట్టెల దగ్గర కూర్చున్న తల్లులు కూడా నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

బయట బల్ల మీద కూర్చున్నాక నన్ను అడిగింది, "ఆ యంత్రం మీరు చేసిందేనటగా. అసలు మీరిద్దరూ చేసే పని ఏంటే? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను, ఎప్పుడూ 'కంప్యూటర్‌లే అమ్మా' అంటావు."

ఇవాళ నాకు చెప్పాలనిపించింది. "యంత్రం లోపల కెర్నెల్ అని ఒకటుంటుందమ్మా. మేస్త్రీ అనుకో. ఏ పని ముందో ఏ పని తర్వాతో చెప్పేవాడు. దాన్ని మేం రాయలేదు. లోకంలో ఎవరెవరో కలిసి రాస్తారు, ఎవరైనా వాడుకోవచ్చు. కానీ ఆ మేస్త్రీ అందరికీ మంచివాడు. అన్ని పనులూ కాస్త కాస్త చేసుకుంటూ పోతాడు. మాకు అలా కుదరదు. ఊపిరి పని వచ్చిందంటే ఉన్నవన్నీ కింద పడేసి పరుగెత్తాలి. అందుకని మాక్కావాల్సిన మార్పులు విడిగా రాసి దాని మీద వేస్తాం. ప్యాచ్‌లంటారు."

"అతుకులా?"

"అతుకులే. ఆ లోకంలో వాళ్ళు ఊరుకోరు కదా, కొత్త వెర్షన్ తెస్తూనే ఉంటారు. తెచ్చినప్పుడల్లా మా అతుకులన్నీ విప్పి కొత్తదాని మీద ఒక్కొక్కటే మళ్ళీ వేయాలి. కొన్ని ఇట్టే కూర్చుంటాయి. కొన్ని కూర్చోవు, అడుగున గుడ్డ మారిపోయి ఉంటుంది. అప్పుడు మనిషి కూర్చుని ఏ వరస ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చాలి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో, ఎందుకు మార్చారో అంతా దాచిపెడతాం. ఎంత వెనక్కి కావాలంటే అంత వెనక్కి వెళ్ళి చూడొచ్చు."

"నా డబ్బాలూ మూతల గొడవే ఇది. డబ్బా మారుస్తారు, మూత పట్టదు." అమ్మ బల్ల మీద నా వైపు జరిగింది. "అంటే పనులన్నీ వేగంగా చేయించడమన్నమాట."

"వేగం కాదమ్మా. ఫలానా వేళకి చేస్తానంటే ఆ వేళకే చేయడం. అంతే."

"మీ నాన్నకి అదొక్కటే చేతకాలేదు," అంది అమ్మ.

మార్చి 10

కల కాదు. గీత మళ్ళీ ఆగింది. ఈసారి మేలుకునే ఉన్నాను. పక్క పెట్టె తల్లి గాజులు తీసి సంచిలో వేసుకుంటోంది. ఆ చప్పుడు కూడా విన్నాను.

సిస్టర్‌ని పిలిచాను. ఆమె పాప గుండెల వైపు చూసింది, కాలికి చుట్టిన ఎర్ర దీపం వైపు చూసింది. "ఆక్సిజన్ తగ్గలేదమ్మా. రంగు బాగుంది." అయినా యంత్రాల టెక్నీషియన్‌ని పిలిపించింది. కుర్రవాడేం కాదు, జుట్టు నెరిసిన మనిషి. ఎంత చెప్పినా విసుక్కోకుండా విన్నాడు. అన్నీ పరీక్షించాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"మీరు ఈ కంపెనీలోనే చేస్తారంట కదా మేడమ్?"

"అవును."

"అయితే మీకు అనుమానం వస్తే నేను కాదనలేను. రేపు డాక్టరుగారిని అడిగి వేరే యంత్రం మారుస్తాను."

అతను వెళ్తుంటే లోపలి వెర్షన్ ఏదో చూసి చెప్పమన్నాను. చెప్పాడు. కొత్తదే. పోయిన నెల ఎక్కించారట.

మార్చి 11

యంత్రం మార్చారు. ముగ్గురు కలిసి మార్చారు. మార్చే క్షణాల్లో సిస్టర్ చిన్న రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ పాపకి ఊపిరి పోసింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. గోడ మీద ఒక చేప బొమ్మ ఉంది, దానికి కనురెప్పలున్నాయి. చేపలకి కనురెప్పలు ఉండవు.

మార్చి 12

కొత్త యంత్రంలోనూ ఆగింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో నిదానానికి చెప్పాను. తను రోజూ వస్తాడు, తలుపు దగ్గర నిలబడతాడు, నాకు బట్టలూ పళ్ళూ ఇస్తాడు, ఆఫీసుకి వెళ్ళిపోతాడు.

"ఆగింది గీతా, ఊపిరా?" అన్నాడు.

"అదే తేలాలి."

"నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదు కదా..."

"రెండు యంత్రాల ముందూ ఒకే కల రాదు."

వెర్షన్ చెప్పాను. తను గ్లాసు చుట్టూ వేలు తిప్పుతూ ఉండిపోయాడు. మా ఇద్దరికీ తెలుసు. తను వేసిన ప్రతి ప్యాచ్ నేను చూశాకే ముందుకి వెళ్ళేది. నన్ను మంచం దిగొద్దన్నాక వచ్చిన రిలీజ్ అది. నేను చూడకుండా బయటికి వెళ్ళింది అదొక్కటే.

నాకు ఒళ్ళు మండింది. ఆ వెర్షన్ మీద కాదు. ఐదో నెల స్కానింగ్‌లో పాపకి రక్తం సరిగ్గా అందడం లేదని చెప్పిన రోజు తను నన్ను అమ్మ దగ్గర దింపి ఆఫీసుకి వెళ్ళాడు. ఆ రోజు ఆఫీసుకి వెళ్ళాడు. ఈ మాట నోటిదాకా వచ్చింది. పళ్ళెం తీసుకుని లేచాను.

తను వెనక నుంచి అన్నాడు, "ఇవాళే ఆఫీసులో టెస్ట్ బెంచ్ మీద పెట్టి నడిపిస్తాను. పాత వెర్షన్, కొత్త వెర్షన్, రెండూ."

మార్చి 13

పాప బరువు కొంచెం తగ్గింది. మొదట్లో తగ్గుతుందట. మామూలేనట.

మార్చి 14

ల్యాప్‌టాప్ తెప్పించుకున్నాను. తల్లుల గదిలో మూల కుర్చీ నాదైపోయింది.

పాత వెర్షన్‌లో గీత ఆగడం లేదు. కొత్తదాంట్లో ఆగుతోంది. మధ్యలో వందల మార్పులు. వాటిలో సరిగ్గా నడిమి దాన్ని పట్టుకుని యంత్రంలో ఎక్కించి చూడాలి. ఆగిందా, తప్పు ముందు సగంలో ఉన్నట్టు. ఆగలేదా, తర్వాత సగంలో. మళ్ళీ ఆ సగంలో సగం. ఎక్కించేదీ చూసేదీ అక్కడ నిదానం. సగాలు చేసేది ఇక్కడ నేను. గీత ఎప్పుడో గానీ ఆగదు కాబట్టి ఒక్కో పరీక్షకి పూటంతా పడుతుంది. అక్కడ యంత్రానికి పాప బదులు రబ్బరు ఊపిరితిత్తి తగిలిస్తాం. పిడికిలంత ఉంటుంది, ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఆఫీసులో చేరిన కొత్తలో దాన్ని చూస్తే నాకు భయమేసేది.

తను బ్రాంచ్‌లకి, అంటే ఒక్కో పరీక్షకి తీసుకున్న విడి కాపీలకి, పెట్టిన పేర్లు చూస్తే చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. ఆఖరు. ఆఖరు-2. నిజంగా-ఆఖరు. ఇదే-ఆఖరు-ఒట్టు.

ఫోన్ మోగింది.

"ఇందులో వచ్చింది," అన్నాడు.

"సరే, చెడ్డది," అని గుర్తుపెట్టాను.

సాయంత్రం మళ్ళీ. "ఇందులో రాలేదు."

"మంచిది."

పక్కన పాలు తీస్తున్న ఆవిడ నావైపు అదోలా చూసింది. కాసేపటికి ఉండబట్టలేక అడిగింది. "ఏమీ అనుకోకండి. పొద్దున్నుంచీ చెడ్డది, మంచిది అంటున్నారు. మీ పాపనేనా?"

"కాదండీ. ఆఫీసు పని."

"హమ్మయ్య," అందావిడ. "పసిపిల్లని అలా అనేది మా అత్తగారొక్కరే అనుకున్నాను, ఇంకెవరూ ఉండరని."

మార్చి 15

మధ్యాహ్నం కుర్చీలోనే నిద్రపోయాను. ఆఫీసంతా మోకాళ్ళ లోతు నీళ్ళు. నిదానం ప్యాంటు మడిచి వంగి నీళ్ళలోంచి ఒక్కో వాక్యం పైకి తీసి, వెలుతురుకేసి చూసి, మళ్ళీ వదిలేస్తున్నాడు. దేనికోసం వెతుకుతున్నావంటే చెప్పడు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. నాకు అక్కడే ఉండిపోవాలనిపించింది.

మెలకువ వచ్చేసరికి జాకెట్టు ముందు భాగమంతా తడి. పాలు.

మార్చి 16

టెక్నీషియన్ మొన్న గాలి ఒత్తిడి కొలిచే ఒక విడి గేజ్ అప్పిచ్చాడు. నిదానం దాన్ని రబ్బరు ఊపిరితిత్తికి నేరుగా తగిలించాడు. ఇవాళ మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"తెర మీద గీత ఆగినప్పుడు కూడా గేజ్ ఆగలేదు. వింటున్నావా? ఊపిరి ఆగలేదు. గీత ఒక్కటే ఆగింది."

"మళ్ళీ చూడు."

"చూశాను. మళ్ళీ మళ్ళీ చూశాను. నిన్న కాక మొన్న నుంచి రికార్డయినవన్నీ చూశాను. ఒక్క ఊపిరి కూడా ఆలస్యం కాలేదు. అన్నిటికన్నా ముందుండాల్సింది ముందే ఉంది."

మేనేజర్‌కి కూడా చెప్పేశాడట. ఆయన ఈ యంత్రాలున్న ఆసుపత్రులన్నిటికీ ఇవాళే కబురు పంపిస్తున్నాడు, గీత ఆగినా ఊపిరి ఆగదు, రిపేరు వస్తోంది అని.

సంతోషపడాలి. పడ్డాను. కానీ వెతకడం ఆపలేదు. ఎక్కడో ఎవరో నర్సు ఆ గీత చూసి కంగారుపడొచ్చు, కంగారులో ఏదో చేయొచ్చు. అందుకే వెతుకుతున్నాను. అందుకు మాత్రమే.

సిస్టర్ అడిగింది. "ఇవాళైనా చెయ్యి పెడతావా అమ్మా?"

"ఒక్క సగం మిగిలింది సిస్టర్," అన్నాను. ఆమెకేం అర్థమై ఉంటుంది.

మార్చి 17

దొరికింది.

చివరికి ఒక్కటే మిగిలింది. నిదానందే. అందులో రెండు పనులు, యంత్రం చేసిందంతా నమోదుచేసే లాగ్ రాయడం, తెర మీద గీత గీయడం. మామూలుగా గీత ముందు, లాగ్ తర్వాత. కొత్త కెర్నెల్‌లో ఆ చోటంతా మారిపోయి మా ప్యాచ్ కూర్చోలేదు. తను చేత్తో సరిచేశాడు. సరిచేయడంలో రెండు వరసలు అటుదిటు ఇటుదటు అయ్యాయి. లాగ్ బరువెక్కినప్పుడల్లా గీత దాని వెనక నిలబడి ఎదురుచూస్తోంది.

నిదానం ప్రతి మార్పుకీ చిన్న వ్యాసం లాంటి నోట్ రాస్తాడు. ఎందుకు చేశాడో, ఇంకెలా చేయొచ్చో, ఎందుకు చేయలేదో. దీనికి ఒకే ఒక్క మాట ఉంది. "సరిచేశాను."

తేదీ చూశాను. స్కానింగ్ రోజు.

నాకు కావలసింది దొరికినట్టే. ఇన్ని రోజులూ నేను వెతికింది ఇదే, తన పేరు, తన చెయ్యి, ఆ రోజు. అనాలనుకున్న మాటలన్నీ వరసగా ఉండాలి కదా, ఒక్కటీ గుర్తురాలేదు. ఆ ఒక్క మాటనే చూస్తూ ఉన్నట్టుంది. రాసేటప్పుడు తన ముఖం ఎలా ఉండి ఉంటుందా అని.

సాయంత్రం వచ్చాడు. ఐసీయూ బయట చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నిలబడి ఉన్నాను.

"దొరికింది," అన్నాను.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచి. మిగిలిన సగం చూడగానే అర్థమైంది."

"మరి చెప్పలేదే?"

"నువ్వే చూస్తావు కదా అని. చూస్తే తిడతావు. ఎవరైనా గట్టిగా తిడితే బాగుండుననిపించింది." కుళాయి తిప్పి నీళ్ళు పోనిస్తూనే ఉన్నాడు. "ఇన్నాళ్ళూ నువ్వు ఒక్క మాట కూడా అనలేదు."

"ఆ రోజు ఆఫీసులో ఏం చేశావ్?"

"పైకి వెళ్ళలేదు. కారు కింద పెట్టి అందులోనే కూర్చున్నాను. నీ దగ్గరుంటే నీ ముందు ఏడుస్తానని. ఏడ్చాను కూడా అనుకో. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక పైకెళ్ళాను. సగంలో ఆగిపోయి ఉంది ఆ ప్యాచ్. రెండు వరసలున్నాయి. ఏది పైనుండాలో చూస్తే... రెండూ ఒక్కలాగే కనిపించాయి."

తన చేతికి సబ్బు అందించాను. మోచేతుల దాకా రుద్దుకున్నాడు.

"ఇప్పుడూ ఐదు రోజులుగా ఆ రబ్బరుదాని ముందే కూర్చున్నాను," అన్నాడు. "దానికి ఏమైనా ఏం కాదు కదా. ఇక్కడికొస్తే కాళ్ళాడవు."

"నాకూ అంతే," అన్నాను. అన్నాకే తెలిసింది నిజమని.

ఇద్దరం లోపలికి వెళ్ళాం. తను పెట్టె ముందు నిలబడ్డాడు. అంత నెమ్మది మనిషీ, ఒక్కసారి కూడా ఆలోచించకుండా పెట్టెకున్న చిన్న కిటికీ తీసి చెయ్యి లోపలికి పెట్టాడు. పాప వేళ్ళు తన చూపుడువేలు చుట్టూ సగం దాకా కూడా రాలేదు. అయినా పట్టుకుంది.

"పట్టుకుంది," అన్నాడు.

నాకు కుళ్ళుగా అనిపించింది. అలా అనిపించినందుకు సంతోషమేసింది.

మార్చి 18

రెండు వరసలు వాటి వాటి చోట్లకి మార్చాను. కుర్చీలో కూర్చునే. తను చూసి సరేనన్నాడు. నోట్ మాత్రం తనే రాస్తానన్నాడు. మూడు పేరాలు రాశాడు. గీత ఎందుకు ఆగిందో, ఎలా కనిపెట్టామో, ఎవరి పొరపాటో. బ్రాంచ్ పేరు ఆఖరు-కాదు.

మార్చి 20

సరిచేసిన వెర్షన్ బెంచ్ మీద నడుస్తోంది. గీత ఎక్కడా ఆగలేదు. పాప యంత్రంలో కూడా ఎక్కిస్తారు, పరీక్షలన్నీ అయ్యాక.

మార్చి 21

ఎక్కించరు. అవసరం లేదట. డాక్టరమ్మ పొద్దున చెప్పింది. "రేపు గొట్టం తీసేసి చూద్దాం. తనంతట తను తీసుకోవాలని చూస్తోంది. ముక్కు దగ్గర చిన్న గాలి సాయం ఉంటుంది, అంతే."

"ఇంకొన్నాళ్ళు ఆగకూడదా?" అన్నాను.

"ఎందుకమ్మా?"

ఏం చెప్పను? ఇప్పుడే కదా బాగుచేసింది అని చెప్పనా? "ఊరికే అడిగాను," అన్నాను.

"తను ఊపిరి తీసుకుంటుంది, మధ్యలో కాసేపు మరిచిపోతుంది, మళ్ళీ తీసుకుంటుంది. తొందరపడి పుట్టిన పిల్లలు అలాగే చేస్తారు. భయపడకండి. మరీ ఎక్కువసేపు మరిచిపోతే మేం గుర్తుచేస్తాం, అరికాలు తడితే చాలు."

మరిచిపోతుంది! ఆవిడ ఎంత తేలిగ్గా అంది ఆ మాట.

సాయంత్రం అమ్మ వస్తే చెప్పాను. అమ్మ నా తల వెనక చెయ్యి వేసి ఊరుకుంది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి.

మార్చి 22

తీశారు.

ఇన్నాళ్ళూ గొంతులో గొట్టం ఉండడం వల్ల పాప గొంతు ఎలా ఉంటుందో మాకు తెలీదు. ఏడ్చేది, ముఖమంతా ముడుచుకునేది, నోరు తెరిచేది, చప్పుడు ఉండేది కాదు. అద్దం అవతల ఏడుస్తున్నట్టు. నేనూ అందుకే అది నిజం కాదన్నట్టు తిరిగాను.

గొట్టం బయటికి రాగానే చప్పుడు వచ్చింది. తలుపు కీచుమన్నంత, అంతే. బొంగురుగా, కోపంగా. అచ్చం కోపమే. నాకు తెలీకుండానే వేణ్ణీళ్ళ దగ్గరికి పరుగెత్తాను. కుట్లు కలుక్కుమన్నాయి. మోచేతుల దాకా కడుక్కుని, ఆరీ ఆరకుండానే వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి పాప వీపు కింద వేళ్ళు జారవిడిచాను. వెచ్చగా ఉంది. నా చేతికన్నా వెచ్చగా. ఎముకలు పిచ్చుకవి. వాటి కింద ఏదో తడబడుతూ పరుగెడుతోంది.

పెద్ద సిస్టర్ కళ్ళు తుడుచుకుంటూ, "అబ్బో, గొంతు గట్టిదే," అంది.

"వాళ్ళ అమ్మమ్మది," అన్నాడు నిదానం.

మార్చి 23

రోజంతా చూశాను. ఊపిరి, ఊపిరి, ఊపిరి, ఏమీ లేదు, ఊపిరి. నాలుగైదు గబగబా, తర్వాత ఒకటి ఎక్కడికో వెళ్ళిపోతుంది. నేను బతికిందంతా ఇలాంటిది జరగకుండా చూడ్డానికే. మా బెంచ్ మీద ఇలా వస్తే యంత్రాన్ని గోడౌన్‌కి పంపించేవాళ్ళం.

మార్చి 26

ఇవాళ ఎక్కువసేపు మరిచిపోయింది. గంట మోగింది. నేను కుర్చీలోంచి లేచేలోపే సిస్టర్ అరికాలు తట్టింది. పాప కోపంగా గుర్తుచేసుకుంది.

"రేపు నువ్వే తట్టమ్మా," అంది సిస్టర్. "ఎలాగో చూపిస్తాను."

మార్చి 29

నేనే తట్టాను.

ఏప్రిల్ 3

ఇవాళ నా గుండెల మీద పడుకోబెట్టారు. వాలు కుర్చీ, మీద దుప్పటి, వైర్లన్నీ ఒక పక్కగా. పాప చెవి నా గుండె మీద. బరువు లేదు, వెచ్చదనమే ఉంది. ఎవరో మధ్యాహ్నపు ఎండని కొంచెం మడిచి నా మీద పెట్టినట్టు. నీలం తెరల్లోంచి వెలుతురు నేల మీద కదలకుండా పడి ఉంది. పక్క పెట్టె ఆవిడ తన పాపకి ఏదో కథ చెబుతోంది. కథ అర్థం కాలేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది. నేను నిద్రలో ఉన్నానో లేనో ఈసారి పట్టించుకోలేదు.

నిదానం పక్కన స్టూల్ మీద కూర్చున్నాడు. కాసేపటికి తన కళ్ళు పైనున్న తెర మీదికి వెళ్ళాయి. అలవాటు.

"అటు చూడకు," అన్నాను. "ఇటు చూడు."

స్టూల్ దగ్గరికి జరుపుకున్నాడు. పాప వీపు మీద, నా చేతి మీద చెయ్యి వేశాడు. ఇద్దరి చేతుల కిందా అది లేస్తోంది, దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది.

తర్వాత లేవలేదు.

"ఆగింది," అన్నాడు నెమ్మదిగా. వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఊఁ," అన్నాను. "ఉండు."

తను ఉన్నాడు. నేనూ ఉన్నాను. పాప తీరిగ్గా, మేమెవరమో తనకి పట్టనట్టు, ముక్కు ఒకసారి ముడుచుకుని, ఊపిరి పీల్చుకుంది.